పైన బాగుందా, వదినా?

ఆ పేట పేరు నేను రాయను. రాస్తే మీరూ వెళ్తారు. వెళ్తే మీకూ నచ్చుతుంది, నచ్చితే అక్కడే ఉండిపోతామంటారు. ఇప్పటికే ఒకావిడ ఉండిపోయింది, అది చాలు. బెజవాడలో కొండవాలున ఉన్న పేట అని మాత్రం చెబుతాను. కింద రోడ్డు, రోడ్డవతల కాలువ, కాలువ దాటితే కృష్ణ. మిగతాదంతా మెట్లే.

మాది బందరులో చిలకలపూడి. రోల్డుగోల్డు నగలు చేసే ఊరు కదా, ఆ నగల్లో రాళ్ళు అతికే పని నాది. మా పక్కింటి వరలక్ష్మిదీ అదే పని, ఊళ్ళో అందరికీ ఆవిడ వరం. ముప్ఫై ఏళ్ళు ఒకే అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని ఎర్రరాయి, తెల్లరాయి, పచ్చరాయి అతుక్కుంటూ ఊళ్ళో వాళ్ళందర్నీ ఆడిపోసుకున్నాం. మాకు చుట్టరికం ఏమీ లేదు. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో ఆవిడ నన్ను "వదినా" అంది, నేనూ అన్నాను, అంతే. రెండిళ్ళకీ మధ్య గోడ ఒకటే. చుట్టూ తిరిగి రావడం ఎందుకని ఆ గోడలో మనిషి పట్టేంత దారి కొట్టించుకున్నాం. దానికి తలుపు పెట్టాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

రెండేళ్ళ కిందట వాళ్ళాయన రిటైరయ్యాడు. ఆయన పుట్టి పెరిగిన కొండ మీది ఇల్లు అన్నదమ్ముల పంపకాల్లో ఆయన వాటాకొచ్చింది. "ఒక ఏడాది ఉండి చూసి వచ్చేస్తాం వదినా" అని వరం తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళింది. ఏడాది రెండేళ్ళయింది. మొన్న శ్రావణంలో ఫోను చేసింది.

"అక్కడి మా ఇంటికి బేరం వచ్చింది వదినా. మంచి మనుషులే. నువ్వొకసారి వచ్చి ఇక్కడ మేం ఎలా ఉన్నామో చూడు. చూసి నువ్వేమంటే అదే చేస్తాం."

అందుకని వెళ్ళాను. కొండ చూడాలని కాదు. కొండలో లోపాలన్నీ ఏరి, ఆవిడ ముందు పెట్టి, వెనక్కి తీసుకురావాలని వెళ్ళాను. లోపాలు వెతకడానికే బయల్దేరిన యాత్ర ఇది, అది మనసులో పెట్టుకుని చదవండి.

బస్సులో రొయ్యలు

వట్టి చేతులతో ఎలా వెళ్తాం? ఒక పెట్టె బందరు లడ్డూలు, గిలకలదిండిలో కొన్న ఎండురొయ్యలు పట్టుకెళ్ళాను. కొండ మీద అన్నీ ఉండొచ్చు గానీ, గిలకలదిండి రొయ్య ఉండదు కదా అని నా ధీమా. మూడు కవర్లలో కట్టి, ఆ పైన పాత తువ్వాలు చుట్టాను. అయినా పామర్రు దాటేసరికి బస్సంతా తెలిసిపోయింది. కండక్టరు ముక్కు మూసుకుని నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఉయ్యూరులో ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం కళ్ళు మూసుకుని గట్టిగా వాసన పీల్చాడు.

"గిలకలదిండివేనాండీ?"

"అవునండీ. ఎలా తెలిసింది?"

"మా ఆవిడది బందరేనండి. పోయాక ఇంట్లో ఈ వాసన రాలేదు."

ఆయన అడగలేదు. నేనే గుప్పెడు తీసి కాగితంలో కట్టి ఇచ్చాను. దిగేటప్పుడు కండక్టరుతో "ఏమయ్యా, ఇది కంపా?" అని దెబ్బలాడి మరీ దిగాడు.

దారిలో కాలువ కనబడుతూనే ఉంది. మా బందరు కాలువే. మా వైపు వచ్చేసరికి ఆ నీళ్ళు ఎలా ఉంటాయో నాకు తెలుసు. శివారు వాళ్ళం, పైవాళ్ళందరూ వాడుకోగా మిగిలింది మాకు. కంకిపాడు దగ్గరికొచ్చేసరికి కాలువ గట్లు ఒరుసుకుని పారుతోంది. బెజవాడ చేరేసరికి నిండు గర్భిణిలా ఉంది. నీళ్ళ దగ్గర కూడా వీళ్ళే ముందు. నాకు కడుపుమంట అక్కడే మొదలైంది, ఇంకా కొండ కనబడకుండానే.

ఊపిరి అందని చోటు

ఆటో అతను రోడ్డు మీదే దింపేశాడు. "ఇక మెట్లేనమ్మా, మనది ఇక్కడిదాకే" అన్నాడు. అక్కడ నిలబడి తలెత్తి చూస్తే ఇళ్ళ మీద ఇళ్ళు పేర్చినట్టున్నాయి. ఒకరి పెరడు ఇంకొకరి డాబాతో సమానం. ఆ పైవాళ్ళ గుమ్మం ముందు నిలబడితే కిందివాళ్ళ బట్టలారేసే తీగ తలకి తగులుతుంది. ఆకుపచ్చ, నీలం, గులాబి, ఇష్టం వచ్చిన రంగులు. మా ఊళ్ళో ఎత్తంటే నీళ్ళ ట్యాంకు. ఆ తరవాత లైట్‌హౌసు. ఆ రెండిటి మీదా మనుషులు కాపురం ఉండరు.

వరం పరిగెత్తుకుంటూ దిగొచ్చింది. పరిగెత్తుకుంటూ అంటే నిజంగానే పరుగు. చిక్కింది. ముఖం తేటపడింది. నా సంచీ లాక్కుని భుజాన వేసుకుని మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టి, ఎక్కుతూనే మాట్లాడుతోంది.

"షుగరు తగ్గిపోయింది వదినా. డాక్టరు ఒక మాత్ర తీసేశాడు. అంతా ఈ మెట్ల పుణ్యమే."

సంతోషమని చెప్పాలి. చెప్పడానికి ఊపిరి లేదు. నాకు మాత్రలు పెరిగిన ఏడాదే ఆవిడకి తగ్గాయన్నమాట. ప్రతి మలుపులోనూ ఆగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టు నటించాను. ఆవిడ ముప్ఫై ఏళ్ళ స్నేహితురాలు, నా నటన తెలియకపోదు, అయినా తనూ ఆగి సంచీ భుజం మార్చుకుంది.

మొదటి లోపం దారిలోనే దొరికింది. గ్యాసు బండ పైకి మోస్తే మనిషి అదనంగా పుచ్చుకుంటాడట, వరసని బట్టి రేటు. బియ్యం బస్తాకీ అంతే. ఇక్కడ వీధులనరు, వరసలంటారు. కింది నుంచి మొదటి వరస, రెండో వరస అలా. వరం వాళ్ళది నాలుగో వరస. "మా ఇంటికి రిక్షా మీద గుమ్మం ముందుకే దింపుతాడుగా బస్తా" అన్నాను, ఊపిరి అందగానే. వరం నవ్వింది.

తరవాత గుమ్మం ముందు చిన్న అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. నేను నీళ్ళు తాగుతూ ముందుకి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

కృష్ణ అంతా కనబడుతోంది. బ్యారేజీ గేట్ల వరస, దాని మీద చీమల్లా వాహనాలు, అవతలి ఒడ్డున ఇంకో కొండ, రైలు వంతెన మీద నెమ్మదిగా వెళ్తున్న గూడ్సు బండి. ఇవతల గట్టున, నది పక్కనుంచి విడిపోతూ కాలువ.

"అదేగా మన కాలువ" అంది వరం వేలు చూపించి. "రోజూ పొద్దున్నే దాన్ని చూస్తాను వదినా. ఈ నీళ్ళు మా వదిన దగ్గరికి వెళ్తున్నాయి అనుకుంటాను."

ఆ మాటకి కరిగిపోవాలి నేను. కరగలేదు. మా కాలువ తల ఆవిడ గుమ్మం ముందుంది, తోక నా దగ్గరుంది, ఆ పైన గాలి కూడా వీస్తోంది. మే నెలలో కూడా ఫ్యాను అక్కర్లేదట. నాకు ఒళ్ళు మండిపోయింది.

సరిగ్గా అప్పుడే పక్కింటి డాబా మీద నుంచి ఒకావిడ తొంగిచూసి, "వదినా, చుట్టాలొచ్చారా?" అంది. వరం నా పక్కన కూర్చునే, "ఆఁ వదినా, మా బందరు వదిన వచ్చింది, రా" అంది.

ఆవిడ పేరు నాగమణి. కొండ మీదే పుట్టిన మనిషి. నలభై ఏళ్ళుంటాయి. దిగి వచ్చి నాకు నమస్కారం పెట్టి, "మీ గురించి రోజూ చెబుతారండీ పద్మగారూ" అంది. వరం వదిన, నేను పద్మగారు. ముప్ఫై ఏళ్ళ నా పిలుపుని రెండేళ్ళలో పట్టుకుపోయిన మనిషి నాకు గౌరవం ఇస్తోంది. లడ్డూ ఆవిడకి ఒక్కటే పెట్టాను.

గాడిదల మెట్లు

మర్నాడు నాగమణి నాకు పేటంతా చూపిస్తానంది. నేను వద్దనబోయాను గానీ, లోపాలు ఊళ్ళో తిరిగితే కదా దొరికేది. వెళ్ళాను.

ఆవిడ చెప్పిన చరిత్ర ఇది. పుస్తకాల్లో చూసింది కాదు, ఆవిడ తాత నోటి నుంచి విన్నది. ఒకప్పుడు ఈ కొండ మీద ఎవరూ లేరు. రాళ్ళు కొట్టే పనికి వచ్చినవాళ్ళు, కొట్టిన చోటే పాకలు వేసుకున్నారు. కొండ ఎంత తొలిస్తే ఆ చదునులో అంత ఇల్లు. తరవాత రైల్వే కూలీలు, రేవులో పడవల మీంచి సరుకు దింపేవాళ్ళు వచ్చారు. నీళ్ళు లేవు. కాలువ నుంచి కావిళ్ళతో మోసుకోవాలి. పెళ్ళిచూపుల్లో పిల్ల వంట గురించి అడిగేవారు కాదట, "రెండు బిందెలతో ఎక్కగలదా?" అని అడిగేవారట.

"మా నానమ్మ మూడు బిందెలతో ఎక్కేదండి. చంకలో మా నాన్న" అంది నాగమణి.

ఇసక, ఇటుకలు గాడిదల మీద వచ్చేవి. వాటి కోసం వెడల్పుగా, ఎత్తు తక్కువగా కట్టిన మెట్ల దారి ఇంకా ఉంది. గాడిదలు పోయాయి, పేరు మిగిలింది. గాడిదల మెట్లు అంటే ఆటోవాళ్ళకి కూడా తెలుస్తుంది. ముసలివాళ్ళు, గర్భిణులు ఇప్పుడు ఆ దారినే ఎక్కుతారు. నన్నూ అటే తీసుకెళ్ళింది, మర్యాదగా, ఎందుకో చెప్పకుండా.

మా బందరు చరిత్ర కూడా చెప్పాను. ఊరుకుంటానా? మీ కొండ మీద పాక లేనప్పుడు మా రేవులో విదేశాల ఓడలు ఆగేవి, మా అద్దకం బట్టలు సముద్రాలు దాటేవి అన్నాను. నాగమణి శ్రద్ధగా విని, "మరి ఇప్పుడండీ?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. కొత్త రేవు కడుతున్నారు అని చెప్పి, కాళ్ళు నొప్పిగా ఉన్నాయని కూర్చున్నాను.

ఇక నేను చేసిన తప్పు. అన్నిటికంటే పైవరసలో ఒంటరిగా ఒక ఇల్లుంది. రేకుల కప్పు, చుట్టూ బంతిమొక్కలు. వాకిట్లో చేట పట్టుకుని ఒకావిడ బియ్యం చెరుగుతోంది. అక్కడి నుంచి చూస్తే నది ఇంకో రెండు వంపులు ఎక్కువ కనబడుతుంది. నేను ఆవిడతో చేతులు జోడించి, "ఎంత అదృష్టవంతులండీ, అందరికంటే మెరక మీదున్నారు, బాగా రేటు పెట్టి కొనుంటారు" అన్నాను.

నాగమణి పక్కకి తిరిగి కొంగు నోట్లో పెట్టుకుంది. ఆ ఇంటావిడ చేట ఆపి నన్ను చూసింది. మా వైపు స్థలం కొనేవాడు మొదట అడిగేది మెరకా, పల్లమా అని. మెరక అయితే రేటు రెట్టింపు. ఇక్కడ తలకిందులు. పైకెళ్ళేకొద్దీ నీళ్ళు అందవు, బస్తా ఎక్కదు, రేటు పడిపోతుంది. అందరికంటే పైన ఉండేది అందరికంటే లేనివాళ్ళు. నేను ఆవిడ లేమిని మెచ్చుకున్నానన్నమాట.

ఆవిడ కోప్పడలేదు. "ఏ ఊరమ్మా?" అంది.

"బందరండీ."

"అందుకే. మాది నాగాయలంక పక్కన" అని చేట పక్కన పెట్టింది. "కూర్చోమ్మా."

ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడ చిన్నపిల్లట. తాటిచెట్టుకి కట్టేసి వాళ్ళ నాన్న ఆవిణ్ణి బతికించుకున్నాడు. మిగతావాళ్ళు దక్కలేదు. ఆ తరవాత ఆయన ఆవిణ్ణి తీసుకుని ఇక్కడికొచ్చి, కిందవరసలో పాక దొరుకుతున్నా వద్దని, ఎక్కగలిగినంత ఎక్కి ఇక్కడ నాలుగు కర్రలు పాతాడు. కొండవాళ్ళందరూ వెర్రివాడనుకున్నారు. "నీళ్ళు లేని చోట ఎలా బతుకుతావయ్యా" అంటే, "నీళ్ళు లేవనేగా వచ్చింది" అన్నాడట.

దివిసీమ నుంచి వచ్చింది కాబట్టి కొండమీద అందరూ ఆవిణ్ణి దివి అక్క అంటారు. మజ్జిగ ఇచ్చింది. ఆ మజ్జిగలో కరివేపాకు నలిపి వేయడం మా వైపు పద్ధతే. ఆ ఇంటి విషయంలో మాత్రం నాకు అసూయ కలగలేదు. ఆ పేటలో నేను అసూయపడనిది అదొక్కటే.

పునుగులు, నా వాదన

మూడో రోజు పొద్దున వరం నన్ను కిందకి తీసుకెళ్ళి పునుగులు తినిపించింది. కాగితం ప్లేటు ముప్ఫై రూపాయలు. అల్లం చట్నీ మా ఊరిదానికంటే బాగుంది, అదీ నాకు కోపమే. కాలువ గట్టున కూర్చుని నా వాదన మొదలుపెట్టాను. గ్యాసు బండ, మోకాళ్ళు, రేపు ఒంట్లో బాగోకపోతే మంచం మీద మోసుకుని దిగాలి, ఇంటి వెనక గది చీకటి, చెమ్మ, కొండరాయిని ఆనుకుని ఉంది. వరుసగా చెప్పాను. ఆవిడ అన్నిటికీ "అవును వదినా" అంది. వాదించే మనిషితో వాదించొచ్చు, అవునంటే ఏం చేస్తాం?

చివరికి అసలు మాట అనేశాను. "అరుగు మీద ఒక్కదాన్నే కూర్చోలేకపోతున్నాను. రాయి అతుకుతూ తలెత్తితే ఎదురుగా గోడ. వచ్చెయ్ వదినా. ఇల్లు అమ్మకు."

వరం పునుగు తుంచుతూ కూర్చుంది కానీ తినలేదు. "నువ్వేమంటే అదేనన్నాను కదా. అనేశావుగా, సరే. ఆయనతో చెప్తాను" అంది. గెలిచాను. గెలిచినట్టు అనిపించకపోయేసరికి ఇంకో ప్లేటు పునుగులు చెప్పాను.

వాన

ఆ సాయంత్రం అన్నయ్యగారు, అంటే వరం వాళ్ళాయన, బజారుకి దిగారు. మేం టీ తాగుతుంటే అవతలి కొండ కనబడకుండా పోయింది. తరవాత నది పోయింది. గాలి తలుపుని విసిరి కొట్టింది, కరెంటు పోయింది, వాన కుండపోతగా దిగింది.

నేను గ్లాసు కింద పెట్టి లేచాను. ఆలోచించి లేవలేదు. చిలకలపూడిలో వాన ఈ శబ్దంతో వస్తే చెయ్యాల్సిన పని ఒకటే, కింద ఉన్నవన్నీ పైకెత్తడం. మా వీధిలోకి నీళ్ళు రావడానికి ఎక్కువసేపు పట్టదు. ముందు బియ్యం మంచం ఎక్కాలి, తరవాత పప్పు డబ్బాలు, చెప్పులు కిటికీలోకి. వెనక గదిలోకి పరిగెత్తి బియ్యం బస్తా ఒక కొస పట్టుకున్నాను. రెండో కొస అప్పటికే వరం పట్టుకుని ఉంది. ఇద్దరం ఒకరినొకరం చూసుకోలేదు, మాట్లాడుకోలేదు. "ఊఁ" అంటే ఎత్తాం. బస్తా మంచం మీద పడింది. ఆవిడ చెప్పులు ఏరుతోంది, నేను డబ్బాలు అందిస్తున్నాను. ముప్ఫై ఏళ్ళలో ప్రతి వానకీ చేసిన పనే.

"ఏం చేస్తున్నారిద్దరూ!" అని కేక. నాగమణి, తలమీద ప్లాస్టిక్ సంచీతో గుమ్మంలో నిలబడింది. "ఆ గదిలోంచి ముందు బయటికి రండి!"

ఇద్దరం ఆగాం. కొండ మీద నాలుగో వరసలో, కృష్ణకి అంత ఎత్తున నిలబడి, వరద వస్తుందని బియ్యం పైకెత్తుతున్నాం. అదీ ఏ గదిలో? కొండకి ఆనుకున్న గదిలో. ఇక్కడ ప్రమాదం కింది నుంచి రాదు, వెనక నుంచి వస్తుంది, కొండ జారిపడి. గట్టి వాన పడితే ఎవరూ వెనక గదిలో ఉండరు. కొండలో ఊరిన నీరు పోవడానికి గోడకి పెట్టిన గొట్టంలోంచి వచ్చే నీళ్ళు తేటగా ఉన్నాయా, మట్టి కలిసి ఎర్రగా ఉన్నాయా చూస్తారు. ఎర్రగా ఉంటే ఇల్లు వదిలి దిగిపోవడమే. వరానికి ఇదంతా తెలుసు, రెండు వర్షాకాలాలు చూసింది. అయినా నేను లేచేసరికి అన్నీ మర్చిపోయి నాతో పాటు బస్తా పట్టుకుంది.

నాగమణి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఒకేసారి పట్టారు" అంది. అంతే అంది. ఆ మొహం చూస్తే నాకు సంతోషం వేసింది. ఒప్పుకుంటున్నాను, చాలా సంతోషం వేసింది.

ముందు గదిలోకి వచ్చి నిలబడ్డాం. ఏం చెయ్యాలి అన్నాను. "కేక రావాలండీ" అంది నాగమణి.

ఆ పేట ఆచారం అది. గట్టి వాన పడినప్పుడు అందరికంటే పైవాళ్ళు వెనక కొండ చూసుకుని, పైన బాగుంది అని కేక వేస్తారు. అది విన్నవాళ్ళు తమ వెనక చూసుకుని తమ కిందివాళ్ళకి కేక వేస్తారు. అలా వరస నుంచి వరసకి రోడ్డు దాకా దిగుతుంది. ఫోన్లున్నాయి కదా అన్నాను. "వానకి ముందు పొయ్యేవి అవేనండీ" అంది నాగమణి.

కేక రాలేదు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. కింద వరసలోంచి ఎవరో, "పైన బాగుందా?" అని అరిచారు. నాగమణి తన ఇంటి వెనక చూసుకోవడానికి వెళ్ళింది. నాకు రేకుల ఇల్లు, బంతిమొక్కలు, చేటలో బియ్యం గుర్తొచ్చాయి. నీళ్ళకి దూరంగా అంత పైకి ఎక్కినావిడ. వరం నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు వినిపించింది. సన్నగా, గాలిలో ముక్కలవుతూ, దివి అక్క గొంతు. "పైన... బాగుందీ!"

ఐదో వరస అందుకుంది. నాగమణి అందుకుంది. వరం నా చెయ్యి వదిలేసి, గొట్టం దగ్గరికి పరిగెత్తి నీళ్ళు చూసింది, తరవాత అరుగు అంచుకొచ్చి, వానలో నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచింది.

"పైన బాగుందీ!"

బందరులో కూరలబండి అతన్ని పిలవడానికి కూడా సిగ్గుపడే మనిషి. ఎప్పుడూ నేనే పిలిచేదాన్ని. ఆ గొంతు ఆవిడలో ఉందని నాకు తెలియదు. కింది నుంచి ఒక మగగొంతు అందుకుంది, తరవాత చిన్నపిల్ల గొంతు, తరవాత ఇంకా కింద ఎవరో. రోడ్డు దాకా వెళ్ళిందని తెలిశాక గానీ వరం లోపలికి రాలేదు. జుట్టు, చీర అంతా తడిసి నీళ్ళు కారుతున్నాయి. ముఖం వెలిగిపోతోంది.

తువ్వాలు ఇచ్చాను. నాకు అప్పటిదాకా గాలి మీద అసూయ, నది మీద అసూయ, నాగమణి మీద అసూయ. ఇప్పుడు కలిగింది వేరు. ఈ వాలంతా ఆవిడ గొంతు కోసం ఎదురుచూసింది. ఆవిడ లేకపోతే ఆ ఇంటి కిందివాళ్ళకి కేక అందదు. నేను ఆవిణ్ణి తీసుకెళ్ళి ఎదురుగోడ ముందు కూర్చోబెడదామనుకుంటున్నాను, నాకు తోచడం లేదు కాబట్టి.

మర్నాడు బయల్దేరే ముందు, మెట్ల దగ్గర, "ఇల్లు అమ్మెయ్యి వదినా" అన్నాను. కడుపుమంటతోనే అన్నాను, అది తగ్గలేదు. వరం ఏదో అనబోయింది. "ఒక షరతు. గోడలో దారి మూయకూడదని చెప్పి అమ్ము" అన్నాను. ఆవిడ ఏడ్చింది. నేను మెట్లు చూసుకుంటూ దిగాను. దిగడం కూడా తేలికేం కాదు.

మళ్ళీ చిలకలపూడి

తాళంచెవి నా చేత్తోనే ఇచ్చాను. కొన్నవాళ్ళది గుడ్లవల్లేరు. ఆ ఇంటావిడ పేరు కుమారి. నెల రోజులు ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు. దారి మూయొద్దన్నది నేనే, ఆ దారికి అడ్డంగా చీరలు ఆరేసిందీ నేనే.

దీపావళి వెళ్ళాక వాయుగుండం పట్టింది. మధ్యాహ్నమే చీకటి పడింది, ఆ శబ్దంతోనే వాన మొదలైంది. మా ఆయనకి నడుం నొప్పి, బస్తా జోలికి రాకూడదు. నేనొక్కదాన్నే ఒక కొస పట్టుకుని లాగుతుంటే, ఆరేసిన చీరలు తప్పించుకుని కుమారి గోడ దారిలోంచి దూరి వచ్చింది. రెండో కొస పట్టుకుని, "ఊఁ, ఎత్తండి వదినగారూ" అంది. ఎత్తాం.

సాయంత్రం వరం ఫోను.

"అక్కడ వాయుగుండం అంటగా. బియ్యం ఎత్తావా వదినా?"

"ఎత్తాం."

"ఎత్తాం ఏంటి? అన్నయ్యకి నడుం బాగోలేదుగా?"

"కుమారి పట్టింది. వదినగారూ అంటూ తనే వచ్చేసింది."

అటు నుంచి వాన చప్పుడు వినబడుతోంది. అక్కడా పడుతోందన్నమాట.

"వదినగారూ అందా?" అంది వరం.

ఆ గొంతు నేను వెంటనే గుర్తుపట్టాను. రెండేళ్ళుగా అది నా గొంతే.

"అంది. చాలా మంచిది పాపం" అన్నాను. "అది సరే, పైన బాగుందా వదినా?"

"ఆఁ, బాగానే ఉందిలే" అని విసురుగా ఫోను పెట్టేసింది.

గోడ దారికి అడ్డంగా ఉన్న చీరలు తడిసి ముద్దయ్యాయి. లేచి వెళ్ళి తీసేశాను, మళ్ళీ అక్కడ ఆరేయలేదు.